మేకుల గుంటలు

నూకల వారి పడవల మేడ,
కృష్ణలంక, బందరు కాలవ గట్టు.
సోమవారం సెలవు.
మనవాళ్ళకి ఇరవై, విదేశీయులకి రెండొందలు.
ఆ బోర్డు రాసింది నేనే,
ఎనిమిదేళ్ళుగా గుమ్మంలో కూర్చుని
టికెట్లు చింపేదీ నేనే.

ఏం చెప్పాలో కాగితం మీద ఇచ్చారు:
ఇది అన్నమయ్య శెట్టి గారి గల్లాపెట్టె,
ఇవి బందరు రేవు రసీదులు,
గోడ మీద ముప్పై రెండు పడవల పేర్లు:
అన్నపూర్ణ, మంగతాయారు, గజలక్ష్మి, చిన్న గజలక్ష్మి...
ఉయ్యాల ఎక్కకండి.
గోడలకి ఆనుకోకండి.

కాగితంలో లేనిది ఒకటుంది.
గాలి పడిపోయిన రోజుల్లో
మా తాత సైదులు చిన్న గజలక్ష్మిని
తాడు భుజానేసుకుని గట్టు మీద నడుస్తూ లాగేవాడు,
ఉప్పు బస్తాలతో, బందరు నుంచి బెజవాడకి,
ఎదురు నీటికి.
పోయేదాకా ఆయన ఎడమ భుజం
కుడిదాని కన్నా రెండు వేళ్ళు కిందే.
చొక్కా కుట్టేటప్పుడల్లా దర్జీ గొణిగేవాడు.
ఈ మేడ లోపల ఎట్లా ఉంటుందో ఆయనకి తెలీదు,
కూలి డబ్బులు మూడో మెట్టు దగ్గరే ఇచ్చేవారు.

నిరుడు భాద్రపదంలో, ముసురు పట్టిన మధ్యాహ్నం,
అమరావతి స్తూపం చూసొస్తూ
దారిలో ఆగింది జపాను ముసలావిడ.
పేరు హిసాకో అని రిజిస్టర్లో రాసింది,
తెలుగులో ఎట్లా రాయాలో నన్నడిగి మరీ.
ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పింది,
వంగి, వాటి మొహాలు వీధి వైపు తిప్పి పెట్టింది.

గల్లాపెట్టె చూడలేదు. ఉయ్యాల చూడలేదు.
తలెత్తి దూలం వైపే చూస్తూ నిలబడిపోయింది.
మెడ పట్టేస్తుందేమోనని
నా ప్లాస్టిక్ స్టూలు వేశాను.
ఇక్కడ కూర్చోనిచ్చే వస్తువు అదొక్కటే.

వేలెత్తి లెక్కపెట్టింది: ఇచి, ని, సన్...
గుంటలు. జానెడుకొకటి.
లక్క కూరి, పైన రంగు పూసినవి.
దూలానికి అన్ని మేకులెందుకు కొడతారు ఎవరైనా?
ఎనిమిదేళ్ళు దాని కిందే అన్నం తిన్నాను, తట్టలేదు.
డ్రైవరు అంజిబాబు ఫోను పట్టుకున్నాడు,
అందులోంచి ఒక ఆడగొంతు, వార్తలు చదివినట్టు:
"ఇది ఇల్లు కాదు. ఇది పడవ. బోర్లించారు."

వాళ్ళ తాతలవీ ఓడలేనట.
ఎండు చేపలు, సముద్రపు పాచి, బియ్యం.
ముసలిదైపోయిన ఓడని విప్పి
ఆ చెక్కలతోనే ఇంటి గోడలు కట్టుకున్నారట.
ఉప్పు తాగిన చెక్కకి చెద పట్టదట.
ఆ ఇల్లిప్పుడు ఊరిది.
తను పుట్టిన గదికి అడ్డంగా తాడు కట్టారు,
లోపలికి పోవాలంటే ఐదొందల యెన్నులు.
"ముసలివాళ్ళకి తగ్గింపు ఉంది" అంది ఫోను.
ఆవిడ నవ్వింది, ఫోను కన్నా కాస్త ఆలస్యంగా.

నా ధ్యాస అక్కడ లేదు.
ముప్పై రెంటిలో ఏది ఇది?
చిట్టాలు తిరగేశాను, చేతులు వణుకుతుంటే.
యుద్ధం అయిన ఏడు, పై అంతస్తు లేచిన ఏడు,
ఒక్క పంక్తి: చి. గజలక్ష్మి, విప్పించడమైనది.
కలప ఎటు పోయిందో రాయలేదు.
అదే కావచ్చు.
కాకపోవచ్చు కూడా.

మూసే వేళకి బూజు దులిపే నిచ్చెన వేశాను.
ముట్టుకోరాదని రాసిన చేత్తోనే
ఒక గుంటలోంచి లక్క గోకాను.
కింద నిచ్చెన పట్టుకుని హిసాకో గారు,
ఓడల యజమానుల మనవరాలు,
రెండు చేతులా, గట్టిగా.
వేలు నాలిక్కి ఆనించుకున్నాను.
దుమ్ము.
దాని వెనక ఉప్పేమో అనిపించింది, ఒట్టేసి చెప్పలేను.

రెండొందలూ తిరిగివ్వబోతే తీసుకోలేదు.
వానకి చెప్పుల్లో నీళ్ళు నిండాయి,
వంపి, తొడుక్కుని, కాలవ వైపు ఒకసారి వంగి వెళ్ళింది.

ఇప్పటికీ వచ్చినవాళ్ళకి కాగితమే చదువుతాను.
దూలం సంగతి ఎత్తను.
తలెత్తి చూసినవాళ్ళకి మాత్రం
స్టూలు వేస్తాను.