కొంచెం పొడుగు తీగ

మొగల్తూరు నుంచి ఏసురత్నం
గోనెసంచిలో చుట్టి తెచ్చాడు లాప్‌టాప్‌ని,
కాలు విరిగిన మేకపిల్లని తెచ్చినట్టు.
పదకొండేళ్లది. మూత సగం లేపితే వెలుగు,
పూర్తిగా లేపితే చీకటి.
మెడ కింద చెయ్యేసి పట్టుకుంటే గానీ
పలకదండి, అన్నాడు.

రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే బల్ల మీద
ఉప్పుగాలి తాగి బతికిన మిషను.
స్క్రూలు తొమ్మిది విప్పాను. పదోది లేదు.
నాకంటే ముందే ఎవరో వచ్చి వెళ్లారు.
మడతబందు దగ్గర తెర తీగ
తోలు ఊడి, రాగికి పచ్చగా చిలుం పట్టి,
మూసి తెరిచిన ప్రతిసారీ ఒక పోగు తెగుతూ
ఇన్నాళ్లు లాక్కొచ్చింది.

ఈ మోడల్ తీగ ఇప్పుడు రాదు.
విజయవాడ షాపువాడు ఫోన్లోనే నవ్వాడు.
నా దగ్గర బిస్కెట్ల రేకుడబ్బా ఒకటుంది,
నిండా చచ్చిపోయిన మిషన్ల నరాలు.
నేల మీద గుమ్మరించుకుని కూర్చున్నాను.
చివరికి ఒకటి. వేరే కంపెనీది.
రెండు కొసలూ కూర్చుంటాయి, మధ్యలో వరస వేరు,
నాలుగు వేళ్లు పొడుగు.
పొట్టిదైతే చేసేదేం లేదు.
పొడుగుని బతిమాలుకోవచ్చు.

ఈ నరసాపురంలోనే నేను లేసు అల్లేదాన్ని.
కండెకి ఇంతని ఏజెంటు లెక్క.
ఒక్క కన్ను తప్పితే విప్పి మళ్లీ అల్లమనేవాడు,
విప్పిన పూటకి కూలి లేదు.
ఆ వేళ్లకే ఇవాళ ముప్పై తీగలు,
వెంట్రుక కన్నా పిసరు లావు.
అదే లేసు సూది. మొనతో గొళ్లెం ఎత్తి
ఒక్కోదాన్నీ ఊడదీసి
సిగరెట్ అట్ట మీద రాసుకున్న వరసలో దించాను.
కరెంటు రెండుసార్లు పోయింది.
రేవులో పంటు కూసింది.
ఏసురత్నం నాకని టీ తెచ్చి
ఇవ్వడం మర్చిపోయి, చల్లారేదాకా చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

మిగిలిన పొడుగుని బ్యాటరీ పక్క సందులో
మెలిక తిప్పి పడుకోబెట్టి
పసుపు టేపు అంటించాను.

తెర వెలిగింది.
వెలిగింది గానీ చెరువుగట్టు మీద గడ్డి
ఎర్రగా ఉంది, కారం చల్లినట్టు.
ఏడో ఎనిమిదో, ఏదో జత తారుమారు.
ఏసురత్నం వంగి చూశాడు.
"అంకెలు కనపడతన్నాయి కదండి,
ఉప్పెంతో, గాలెంతో. చాలండి.
గడ్డి ఏ రంగో నాకు తెలుసు కదా."

చాలదన్నాను.
మళ్లీ తొమ్మిది స్క్రూలు.
ఆ పూటకి కూలి వెయ్యలేదు.
ఏజెంటు పోయి పదేళ్లు, లెక్క మాత్రం నాలో పోలేదు.

చీకటి పడేసరికి గడ్డి పచ్చబడింది.
ఏసురత్నం మూత లేపాడు, దించాడు,
మళ్లీ లేపాడు,
మెడ కింద చెయ్యి వేసుకునే.
ఇంక అక్కర్లేదయ్యా, అన్నాను.
ఆయ్, అన్నాడు.
చెయ్యి తియ్యలేదు.