కొలతల పట్టిక

మొదటి సెమిస్టర్ల నుస్రత్ మేడం
బోర్డు మీద ఆడమనిషిని గీసింది.
తలకాయనే కొలబద్ద చేసి
కాలి వేలి దాకా తొమ్మిది తలల పొడుగు.
పెన్సిల్ చెక్కుకుంట నేనూ దించుకున్న.
మా మర్రిగూడ దిక్కు
ఏడు తలల ఎత్తు పెరిగినోళ్లు
నలభై దాటంగనె ఐదుకొస్తరు.
ఆ మాట క్లాసుల అనలే.

పుస్తకం ఎనక పట్టిక ఉంటది:
స్మాలు, మీడియం, లార్జి.
ఛాతి ఇంత, నడుము ఇంత.
భుజం అని ఒక్కటే గడి.
రెండు భుజాలు ఒక్క ఎత్తునే ఉంటయని
అచ్చేసినోళ్లకు ఎంత నమ్మకమో!

మా మేనత్త అండాలు
చిన్ననాడు తాగిన బోరింగు నీళ్లు
ఇంకా ఎన్నుపూసల్నే ఉన్నయి.
మెడ తిప్పాలంటే మనిషంత తిరగాలె.
చేతులు భుజం దాటి లేవయి.
రైక తొడగాలంటే ఇంకో మనిషి కావాలె.
మా అమ్మ కైకిలి పోయిన నాడు
మామ పాత చారల అంగీనే గతి,
పై రెండు గుండీలు లేనిది.

మూడో ఏడు,
ఎవరి కోసం డిజైన్ చేస్తరో రాసియ్యమన్నరు,
మ్యూజ్ అంటరట దాన్ని.
హారిక సినిమా హీరోయిన్ని రాసింది,
ఇంకొకతి సముద్రాన్ని.
నేను అత్త పేరు రాసిన.
"మ్యూజంటే ఏందే?" అన్నది అత్త.
మనకు పని పుట్టించేటోళ్లు అన్న.
"అయితే నేనే. కావాల్నంటే మీ అమ్మనడుగు."

టేపు తీసిన.
వీపు పొడుగు పందొమ్మిదిన్నర,
ముందు పొడుగు పదకొండు.
ఎడమ భుజం కుడిదానికన్నా
రెండంగుళాలు కింద.
తప్పేమోనని మళ్ల కొలిచిన, మళ్ల.
"ఎన్ని మాట్ల కొలుస్తవే, పొలమా నేను?
గెట్టు పంచాయితేమన్న ఉన్నదా?"

హాస్టల్ గచ్చు మీద ఖాకీ కాగితం పరిచి
రాత్రి రెండింటి దాకా గీసిన.
ఛాతి మీద ఉండాల్సిన డార్టు
నడిచి నడిచి వీపు మీదికి పోయింది.
హారిక లేచి చూసి
"చెరువు పటమా?" అని మళ్ల పండుకున్నది.
కోరాబట్టల మొదటిది చంకల పట్టేసింది.
రెండోది మెడ కోసింది.
మూడోది, పుట్టపాక నుంచి తెచ్చిన తుండు,
ఎన్నిసార్లు ఉతికినా నూనె వాసన పోనిది.
దీనికి చేతులు ఎత్తే పని లేదు.
రైకనే పక్కల నుంచి వచ్చి
మనిషిని చుట్టుకోవాలె.
కాజాలు పెద్దగ పెట్టిన,
అత్త వేళ్లు కూడ వంగయి గనుక.

జ్యూరీ నాడు రైకను బొమ్మకు తొడిగిన్రు.
ఇంత నిటారు బొమ్మ.
ఎనక సంచి లెక్క ఉబ్బింది.
పట్నం నుంచి వచ్చిన సారు
"కుట్టు బాగుంది, ఫిట్ లేదు" అని రాసుకుండు.
ఫిట్ వరండాల కూసున్నది సార్, అన్న.
నా గొంతు నాకే కొత్తగ వినపడ్డది.

అత్త వచ్చింది. తెర ఎనక్కి పోయింది.
ఎవ్వరం కదలలే.
గోడ గడియారం చప్పుడు,
లోపల అత్త గునుసుడు.
నాలుగు నిమిషాలకు బయటికొచ్చింది,
చివరి గుండీ తానే పెట్టుకుంట.
నుస్రత్ మేడం కళ్లద్దాలు తుడుచుకున్నది.
సారు మాత్రం "మార్కెట్ ఎంత ఉంటది?" అని అడిగిండు.
అడగాల్సిన ప్రశ్ననే.
మా మండలంల ఇంటింటికి తిరిగి
చెప్తా సార్, అన్న.
అరవై ఒక్క మార్కులు.

షాద్‌నగర్ల యూనిఫాముల కంపెనీ
వచ్చే నెల రమ్మన్నది నన్ను.
అక్కడ గోడకు మళ్ల అదే పట్టిక ఉంటది,
పోత, జీతం కావాలె.
సంచిల ఖాకీ కాగితం చుట్ట కూడ వస్తది.

చండూరు మీదుగ పోయే బస్సుల
కండక్టరు టికెట్ అన్నడు.
అత్త కొత్త రైక మీద చెయ్యి పెట్టి
ఇటు తడిమింది, అటు తడిమింది,
మనిషంత నా దిక్కు తిరిగి అన్నది:
"ఇంత చదివినవ్ గదనే,
పైసలకు జేబేదీ?"