పదిహేడో రాయి

ముప్పై ఒక్క రాళ్లు పాతినం
నేను, లాజరు, ఇంకిద్దరు కూలోళ్లు.
బాలాపూర్ దాటినంక కొంగలకుంట చుట్టూ,
నిండితే నీళ్లు ఏడిదాంక వస్తయో ఆడిదాంక.
పసుపు రంగు, మీద నల్ల అంకెలు.
పదిహేడో రాయికి బ్రష్ పట్టింది నేనే.
ఏడు అంకె వంకర వోయింది,
ఇప్పటికీ గట్లనే ఉన్నది.

ఆ రాయికి నలభై అడుగులు లోపట
నా ఇల్లు.

నవ్వకుండ్రి.
నోటరీ కాయితం మీద కొన్న, అరవై గజాలు.
రిటైరైనప్పుడు వచ్చిన పైసలకు
ఈ పట్నంల శిఖం తప్ప జాగ ఏడ దొరుకుతది?
ఇది సాకు అని నాకు ఎరుకే.
రాయికి అవతల గూడ ఒకటి చూపెట్టిండ్రు,
నలభై గజాలు. బోరు లేదు. బస్సు దూరం.
"వంటిల్లు ఇరుకైతది" అన్నది అండాలు.
అవును అన్న.
గంతే. ఆ ఒక్క అవును మీద
పునాది తీసినం.

వానకాలంల మోకాళ్ల దాంక వస్తది.
ఫ్రిజ్ కాలు కాలుకు నాలుగు ఇటుకలు,
బియ్యం డబ్బ అటక మీదికి,
కాయితాలు కవర్ల చుట్టి బీరువ నెత్తికి.
ఆ రెండు మూడు రాత్రులు మంచం మీద కాళ్లు ముడుసుకోని
ఒట్టు పెట్టుకుంటం, ఇగ ఈడ ఉండొద్దు అని.
దసరా ఎండకు గోడ ఆరుతది.
గోడతోటి ఒట్టు ఆరుతది.
శివరాత్రి దాటితే కుంటల పోరగాండ్లు క్రికెట్ ఆడుతరు,
నా పదిహేడో రాయే వాళ్ల వికెట్టు.
గప్పుడు నీళ్ల ముచ్చట తీస్తే
పెండ్లింట్ల చావు మాట ఎత్తినట్టు చూస్తరు.

మా గల్లీల ఎవ్వరికి ఎరుక లేదు?
సిటీ బస్సు తోలిన బక్కయ్యకు ఎరుకే.
బుర్ఖాలు కుట్టే షాహెదా బేగంకు ఎరుకే,
ఆమె మిషన్ కాళ్లకు తుప్పు గీతలున్నయి,
ఏ ఏడు ఎంత వచ్చిందో అవ్వే చెప్తయి.
ఒక్కనికే ఎరుకైతే గాబరతోని ఉరికేటోడేమో.
అందరికీ ఎరుకైనంక
ఒకరి మొఖం ఒకరు చూసుకుంట కూసున్నం.

ఇదంత మా పాణాల మీది ముచ్చట, పోనీ.
మొన్న ఎండకాలంది వేరే.

ఒక పిలగాడు వచ్చిండు, పర్శరాం అట,
బండ్లకు పంక్చర్లు వేస్తడట, పెండ్లానికి ఏడో నెల.
మా పక్క ప్లాటు చూసిండు.
ఇరానీ హోటల్ కాడ నన్ను పట్టుకోని అడిగిండు:
"పెద్దయ్యా, నీళ్లొస్తయా?"

చాయ్ వేడిగుండె. ఊదిన.
ముప్పై రెండేండ్లు చైన్ గుంజిన చేతులు ఇవి,
ఇంచు తేడా వస్తే మల్ల మొదటి నుంచి కొలిచినయి.
"జర వస్తయి బిడ్డా" అన్న.
జర.
ఏ టేపు మీద ఉన్నది ఆ కొలత?

నిజం చెప్తే వాడు వోతడు.
వాడు వోతే,
మరి నువ్వెందుకు వోలేదురా అని
నన్ను నేను అడగాలె.

పోయిన శుక్రారం రాత్రి దంచి కొట్టింది.
కరెంటు తీసిండ్రు. నీళ్లు గడప నాకుతున్నయి.
పక్కింట్ల పసిపిల్ల ఏడుపు.
లుంగి ఎగ్గట్టి, డ్రమ్ము కింది ఇటుకలు గుంజి
పట్టుకొచ్చినన్ని పట్టుకవోయిన.
అడ్డం ఒకటి, నిలువు ఒకటి, మల్ల అడ్డం,
గట్లయితేనే కదలదు బిడ్డా, అని చూపెట్టిన.
"జర అన్నవు గదా పెద్దయ్యా" అంటడనుకున్న.
అంటె బాగుండు.
పిల్లను భుజం మీద ఏసుకోని,
"నువ్వు లేకుంటే ఏమైతుండెనో" అన్నడు.

తెల్లారి మిద్దె ఎక్కి చూసిన.
నీళ్లు సక్కగ పదిహేడో రాయి కాడ ఆగినయి.
అప్పుడు మేం కొలిచింది ఇంచు తప్పలే.
సిగ్గు లేకుంట, లోపట ఒక మూలకు
సంతోషమైంది.

ఏం నవ్వుతున్నవు, అన్నది అండాలు కిందికెల్లి.
ఏం లేదు,
ఇటుకలు తక్కువ వడ్డయి, అన్న.