ముప్పై ఏడు నిమిషాలు

కుతాయిసిలో ఆ చలికాలం
కరెంటు రాత్రి తొమ్మిదికి వచ్చేది.
ఎప్పుడు పోతుందో దానికే తెలియదు.

మా అపార్టుమెంటు మొత్తానికి కంప్యూటరు ఒక్కటే, మా ఇంట్లో.
తిరగరాయగల డిస్కూ ఒక్కటే,
కింద కొట్టు నడిపే ఎతేరి గారిది.
రొట్టెలు కప్పే గుడ్డలో చుట్టి
గల్లాపెట్టెలో చిల్లర మీద పడుకోబెట్టేది.

అందులో ఉన్నది మా అందరి అరువు.
నాలుగో అంతస్తు నుగ్జార్: పద్నాలుగు రొట్టెలు, రెండు లీటర్ల కిరసనాయిలు.
లామారా టీచరు: పంచదార, పంచదార, మళ్ళీ పంచదార.
మా అమ్మ పద్దు కూడా నేనే టైపు చేశాను.
పేరు దగ్గర బాగానే ఉన్నాయి వేళ్ళు,
అంకె దగ్గర కాస్త తడబడ్డాయి.
కాగితం చిట్టా ఎప్పుడో
పొద్దుతిరుగుడు గింజల పొట్లాలైపోయింది.
తమాజ్ ఓసారి గింజలన్నీ నమిలేసి
పొట్లం విప్పి
తన బాకీ తనే చదువుకున్నాడు.

నెలకోసారి పాతది చెరిపి కొత్తది ఎక్కించేవాళ్ళం.
పైన రాసిన తేదీని ఆమె
దూదితో, చుక్క ద్రాక్షసారాతో తుడిచేది.
సీసాలో మిగిలింది ఏమయ్యేదో నన్నడక్కండి.

ఫిబ్రవరిలో ఒక రాత్రి వచ్చి
కోటైనా విప్పకుండా స్టూలు మీద కూర్చుంది.
"కొట్టు అమ్మేశాను. ఇది చెరిపెయ్యి."
ఎక్కించడానికి కొత్త లెక్కలేమీ తేలేదు.

అలవాటుగా, త్వరగా చెరిపే బొత్తాం మీదికి పోయింది చెయ్యి.
"నిజంగా పోతుందా?"
పదిహేడేళ్ళవాణ్ణి, అబద్ధాలు బాగానే వచ్చు.
ఆ పూట ఎందుకో రాలేదు.
"పోదండీ. ముందున్న విషయసూచిక చించేస్తుంది, అంతే.
పుటలన్నీ అలాగే ఉంటాయి. వెతికేవాడికి దొరుకుతాయి."
"కొన్నవాడు వెతికే రకమే."
"అయితే మొత్తం చెరపాలి. ముప్పై ఏడు నిమిషాలు."
"కూర్చుంటాను."

ఇరవయ్యో నిమిషంలో కరెంటు పోయింది.
చీకట్లో డిస్కు నిలిచిపోవడం విన్నాం,
బొంగరం పక్కకి వాలినట్టు.
రెండో రాత్రి తొమ్మిదే నిమిషాలు.
సగం చెరిగిన అప్పు సగం తీరినట్టా అన్నాను.
ఆమె నవ్వలేదు.
మళ్ళీ మొదటినుంచీ.

మూడో రాత్రి అడిగింది, "లోపలేం జరుగుతోంది?"
లామారా టీచరు పాఠం గుర్తు తెచ్చుకున్నాను:
కాంతి తాకిన చోట లోహం కరిగి
ఉలిక్కిపడ్డట్టు గడ్డకడుతుందట. అదే రాత.
చెరపడం అంటే గీకడం కాదు, తుడవడం కాదు.
మళ్ళీ వేడి చేసి
ఈసారి నిదానంగా చల్లారనివ్వడం.
"రొట్టెకీ అంతే," అంది.
ఎందుకలా అందో చెప్పలేదు.

ముప్పై ఏడూ అయ్యాయి.
బల్ల బయటికొచ్చింది, డిస్కు గోరువెచ్చగా ఉంది.
ఆమె దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది,
రియోని మీంచి వచ్చే గాలికి
కిటికీ అద్దాలు గడగడలాడుతుంటే.
ఆ రాత్రి కరెంటు తెల్లారేదాకా పోలేదు.

మర్నాడు నుగ్జార్ కొట్టు ముందు నిలబడి
"పద్నాలుగు," అన్నాడు.
"నా దగ్గర అలాంటి పద్దేం లేదు."
"నా దగ్గర ఉంది."
లామారా టీచరు అక్రోటు కాయల సంచీ తెచ్చింది,
డబ్బు తెస్తే తీసుకోదని ఎలా తెలిసిందో!
తమాజ్ రాలేదు. వారమైనా రాలేదు.
మా అమ్మ చెవిపోగులు ఆ తర్వాత కనపడలేదు.
అడగలేదు నేను. అంకె నాకు తెలుసు.

డిస్కు నాకిచ్చి వెళ్ళిపోయింది.
వెయ్యిసార్లు రాసుకోవచ్చని డబ్బా మీద ఉంది.
వేసవి దాకా దాన్ని ముట్టుకోలేదు.
తర్వాత ఒక చదరంగం ఆట ఎక్కించాను,
ఎప్పుడాడినా నేనే ఓడిపోయేవాణ్ణి.