తెల్లపాల దొర సమాధి దగ్గర గడ్డి కోస్తూ

రాతి మీద పేరు థ్రెల్‌ఫాల్.
మా నోళియా వీధిలో నోరు తిరగక
తెల్లపాల దొర అన్నారు.
పాలకీ అతనికీ ఏ సంబంధమూ లేదు,
సారా తప్ప మరొకటి తాగి ఎరగడనేవాడు మా తాత.

గోపాలపూర్ గాలికి కొడవలి నెలకే తుప్పు పడుతుంది,
రాయి ఏపాటిది.
ఒడియా బడి మాస్టారు, పండా గారు,
వేలుతో తడిమి తడిమి చదివి పెట్టాడు:
పదమూడో ఏట ఓడెక్కాడు.
చైనా తీరం. తర్వాత మాల్టా.
లెఫ్టినెంటు, కమాండరు.
ఆ కింద రెండు వరుసలు లేవు.
ఎవరి ఉప్పు తిన్నాడో గాని
చివరికి ఉప్పే అతన్ని తింటోంది.

ఆ రెండు వరుసల్లో ఏముందో
రాయి కంటే మా తాతకే బాగా తెలుసు.
యుద్ధంలో, పొగమంచులో, ఎక్కడో ఉత్తరాన
పైనుంచి వచ్చిన ఆజ్ఞ పట్టుకుని
ఓడను ఇసుక మేట మీదికి ఎక్కించాడట.
సీసపు గుండు వేసి లోతు చూసే కుర్రాడు
వద్దు దొరా, అడుగు తగులుతోంది అన్నాడట.
వినలేదు.
తాగినప్పుడు ఆ కుర్రాడి పేరొక్కటే చెప్పేవాడు, ఆల్ఫీ అని.
మా తాత నోట అది అలుపు అయింది.
విచారణ గదిలో బల్ల మీద
అతని కత్తినే, మొన అతని వైపు తిప్పి పెట్టారట.
తర్వాత ఇక్కడికి పంపారు.

రేవంటే పేరుకే. స్టీమరు మైలు దూరాన ఆగుతుంది,
మధ్యలో మూడు వరుసల కెరటాలు.
ఫిరంగుల ఓడ నడిపిన మనిషిని
కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవలో తెచ్చి
మా తాత, సూరాడ కామయ్య తండేలు,
భుజాన వేసుకుని ఒడ్డున దించాడు.
తడిసిన బూట్లు చేత పట్టుకుని
జాతరలో తప్పిపోయిన పిల్లాడిలా చూశాడట.

ఏడేళ్ళు జెండాలు ఎగరేశాడు, దింపాడు.

ఒక కార్తీకంలో రంగం స్టీమరు వచ్చింది.
ఇచ్ఛాపురం నుంచి, చికిటి నుంచి
నూట నలభై మంది కూలీలు
మూటలు నెత్తిన పెట్టుకుని ఇసకలో నిలబడ్డారు.
కంపెనీ ఏజెంటు గడియారం తీసి తీసి చూపిస్తున్నాడు.
దొర మా తాతని పిలిచాడు, తెలుగులోనే అడిగాడు:
కామయ్యా, పోవచ్చా?
తాత నాలుక మీద గాలి పట్టాడు.
నీళ్ళ రంగు చూశాడు.
వద్దన్నాడు.
కొయ్య మీదికి ఎర్ర బంతి ఎక్కింది.
స్టీమరు ఖాళీగా వెళ్ళిపోయింది.

ఇక్కడ తుఫాను వచ్చి ఉంటే
నాకు చెప్పడానికి బాగుండేది.
రాలేదు.
ఆ రాత్రి సముద్రం ముంతలో గంజిలా
కదలకుండా పడుకుంది.
మర్నాడూ అంతే.

మద్రాసు నుంచి తాఖీదు, కారణం రాయమని.
గాలి అని రాయొచ్చు, కెరటం అని రాయొచ్చు.
తప్పు తండేలుదని ఒక్క ముక్క రాస్తే
పీడా పోయేది.
నేను అడిగాను, అతను చెప్పాడు, ఈసారి విన్నాను
అని రాసి సంతకం పెట్టాడట.
ఈసారి అన్న మాట మద్రాసులో ఎవరికి అర్థమవుతుంది?
జీతం తెగ్గోశారు.
మరుసటి ఏడు జ్వరంతో పోయాడు.

తాత బతికినన్నాళ్ళూ ఆ గాలి సంగతే.
అన్నం ముందు కూచుని కూడా సణిగేవాడు:
తేమ ఉందిరా, ఒట్టు, నాలుక్కి తగిలింది.
ఎవరూ అడక్కపోయినా
ప్రతి అమాసకీ వచ్చి ఇక్కడ గడ్డి కోసేవాడు.
తర్వాత మా నాన్న.
ఇప్పుడు నేను, మోకాళ్ళు మొరాయిస్తున్నా.

మాస్టారికి ఉత్సాహం. రంగు తెస్తాను,
పోయిన రెండు వరుసలూ మళ్ళీ రాయిద్దాం,
ఏం రాయాలో నువ్వు చెప్పు అంటాడు.
కొడవలి నూరుకుంటూ ఆలోచిస్తాను.
ఈ పూట గాలి తూర్పు నుంచి.
మాస్టారు చూడకుండా నాలుక బయట పెట్టాను.

ఏమో, చెప్పలేను.