థర్మోస్టాట్ లేని నీళ్లు

ఇరవై రెండేండ్ల సంది నా పని
జనాలకు ఉడుకునీళ్లు వచ్చేటట్టు చేసుడు.
కాజీపేట నుంచి కాశిబుగ్గ దాక
ఏ బాత్రూంల ఏ కంపెనీ గీజరున్నదో
తలుపు తియ్యకముందే చెప్త.
చలికాలం నాకు సీజను.
సీజన్ల ఊరు దాటుడంటే
నాట్లప్పుడు రైతు పెండ్లికి పోయినట్టు.

అయినా పోయిన.
రవూఫ్ చిట్టీ ఎత్తిండు,
సారంగం బావ ఎవరిదో పాత జీపు తెచ్చిండు.
పస్రా దాటినంక ఫోన్లు మూగబోయినై.
"అన్నా, నల్లా పట్టుకుంటే షాక్ కొడుతుంది" అనే గొంతులన్నీ
ఒక్క మూలమలుపుకు తెగిపోయినై.

రాత్రి గుడారంల పండుకున్నం.
టేకాకుల మీది మంచు టప్పు టప్పున రాలుతుంటే
ఎవరో నల్లా సరిగ్గ కట్టలేదనుకొని
రెండుసార్లు లేచి కూసున్న.

పొద్దుగాల ఈసం బుచ్చమ్మ ముందు నడిచింది,
చేతుల ఐదు లీటర్ల నూనె డబ్బా, ఖాళీది.
ఆమె కాళ్లకు చెప్పుల్లేవు, మాకు బూట్లున్నై,
జారింది మేమే.
వాగు మూడుసార్లు అడ్డమొచ్చింది.
మూడుసార్లూ అదే వాగట.
"అది తిరుగుతది, మనం సక్కగ పోతున్నం" అన్నది.

ఎంత పెద్దగుంటదో అనుకున్న.
లారీ టైరంత గుంత.
నల్లరాళ్ల నడుమ మోకాటి లోతు నీళ్లు.
అడుగున ఇసుక మెల్లగ లేస్తుంది, పడుతుంది,
నిద్రపోయే పసిపిల్ల పొట్ట తీరు.
అగ్గిపుల్ల గీసి ఆర్పినట్టు వాసన.
రవూఫ్ అంగీ విప్పిండు, దూకిండు,
దూకినంత జోరుగ బయటపడ్డడు.
"యా అల్లా" అన్న కేకకు
పొదల కోడిపిట్టలు రెండు లేచిపోయినై.
సారంగం బావ గుడ్డును దస్తీల కట్టి దించిండు.
అరగంటయినా అది
ఉడకాల్నా వద్దా అని ఆలోచిస్తనే ఉన్నది.

నేను రాళ్లు చూస్తున్న.
అంచు పొంటి తెల్లటి పెంకు.
నాకు తెలుసది. మస్తు తెలుసు.
ఎన్ని కాయిళ్ల మీంచి గీకిన స్క్రూడ్రైవర్ తోటి,
"మీ బోరునీళ్లల్ల సున్నమమ్మా" అని
ఎంతమందికి బిల్లు రాసిన.
ఇక్కడెవ్వరూ గీకలేదు.
పొర మీద పొర, పొర మీద పొర,
చీర కుచ్చిళ్ల లెక్క వంపులు తిరిగి ఆరింది.
కంప్లైంటు లేనికాడ సున్నం ఇట్లుంటదా!

వేలు ముంచిన. అలవాటు.
నలభై నాలుగు. మహా అయితే నలభై ఐదు.
స్విచ్చు ఎవరేసిండ్రో,
ఆపుడు ఎవరు మర్చిపోయిండ్రో,
మీటరు కిందెక్కడ తిరుగుతుందో.
నవ్వుకున్న.
నవ్వు ఆగినంక మా బాత్రూం యాదికొచ్చింది.
మూడేండ్ల సంది మా ఇంట్ల గీజరు పాడు.
ఆండాలు బకెట్ల రాడ్ పెట్టుకొని
చలికి ముడుచుకొని పక్కన నిలబడతది.
"ఐతారం చూస్త" అంట నేను.
ఐతారం హంటర్ రోడ్డుల ఎవరిదో కాలిపోతది.

బుచ్చమ్మ డబ్బా ముంచి నింపుతుంది.
"ఎవరికి?"
"మా ఆడిబిడ్డకు. మోకాళ్లు."
"ఊరికి పోయేసరికి చల్లారదా?"
"చల్లారుతది. మల్ల కాగబెడత."
"మరి ఇంటికాడ నీళ్లు లేవా?"
మూత బిగించి, నా దిక్కు చూసింది,
పనిరాని మెకానిక్కును చూసినట్టు.
"ఉన్నై. ఆ నీళ్లకు ఇది తెల్వదు."

తాగే నీళ్లు పారబోసి
నేను కూడ నా సీసా నింపిన.
ఎవ్వరికి చెప్పలే. జీపుల తొడల నడుమ పెట్టుకున్న.
గోవిందరావుపేట కాడ బాగనే ఉడుకున్నది.
ములుగు కాడ ఫోను మోగింది.
పదకొండు మిస్సుడు కాల్స్,
పది గిరాకీలయి.
పదకొండోది ఆండాలు మెసేజ్:
"రాడ్ కాలిపోయింది. వచ్చేటప్పుడు తే."

సీసా తడిమి చూసిన.
ఇంకా గోరువెచ్చగనే ఉన్నది,
లేకపోతే అది నా చెయ్యి.