బావి ఎడమ పక్క

ఆగ్స్‌బర్గ్‌లో, వెండెలిన్ కొట్లో
రాగిరేకు తుడవడం నా పని.
సిరా అంతటా పులమాలి, గుడ్డతో తీసెయ్యాలి,
ఆఖరికి అరచేత్తో రుద్దాలి.
గాట్లలో నలుపు మిగలాలి, పైన మెరుపు.
ఆ నలుపు ఎముకలు కాల్చి నూరింది.
పశువులవే, అనేవాడు అమ్మేవాడు.
మేమూ అంతకుమించి అడగలేదు.

ఎల్బా ఒడ్డున ఊరు తగలబడిన ఏడాది
మాకు చేతినిండా పని.
వెండెలిన్ ఆ ఊరు చూసినవాడు కాదు.
ఒక గుర్రపువాడు చెప్పిన కబురు, ఒక పాత పటం,
మిగతాది ఉలి చూసుకుంది:
చర్చి మెట్ల మీద పడి ఉన్నవాళ్లు,
జుట్టు పట్టి ఈడుస్తున్న సిపాయి,
వాడి బెల్టుకి వేలాడే ఎవరిదో వెండి గరిటె.

వెనక గదిలో అపొలోనియా ఎరుపు వేసేది,
వందకి ఇంతని కూలి.
అట్టకి కోసిన కన్నంలోంచి ఒక్క కుంచె వేటు,
ఒక గొంతు.
ఎరుపు నిండుకున్న రోజు
నెత్తురంతా ఇటుక రంగులో పోయింది.
ఎవరూ వెనక్కి తేలేదు.

మంచు కరిగే రోజుల్లో వచ్చింది ఇల్సబే.
కాళ్లకి మగవాళ్ల బూట్లు,
మెడలో ఏ తలుపూ లేని తాళంచెవి.
ఆరేసిన కాగితం ముందు చాలాసేపు నిలబడింది.
ఏడుస్తుందనుకుని పీట జరిపాను.

"బావి ఎడమ పక్క ఉండాలి," అంది.
"నేను అటే పరిగెత్తాను.
మీ బొమ్మలో అటు పోతే గోడ."

వెండెలిన్ తలెత్తలేదు.
రేకు మీద కుడి కాగితం మీద ఎడమ:
పనిలో చేరిన రోజే చెంప మీద కొట్టి
నాకు నేర్పిన పాఠం అది.
తనే మరిచి, పటాన్ని ఉన్నదున్నట్టు దించేశాడు.

ఆ రాత్రి బావిని గీకి, నున్నగా నూరి,
అవతలి పక్కన మళ్లీ చెక్కాడు.
ఊరు తిరగబడే ఉంది,
రొట్టెలవాడి గుమ్మానికి నీళ్లు దూరమయ్యాయి.
ఇల్సబే ఒక కాగితం అడిగింది,
రంగు వెయ్యనిది. డబ్బు తీసుకోలేదు మేము.
తీసుకున్నామేమో కూడా. గుర్తు లేదు.

ఎనిమిది వందలు దాటాక రేకు అరుగుతుంది.
సన్నగీతలు ముందు పోతాయి:
పొగ, మెట్ల మీది మొహాలు,
ఒక పిల్లాడి వేళ్లు.
ఈటెలు లోతుగా తెగాయి, అవి ఉంటాయి.
చివరి కట్టలో సిపాయిలు
ఎవర్నీ పొడవడం లేదు,
తెల్లటి మెట్ల మీద వంగి
ఏదో పారేసుకున్నట్టు వెతుకుతున్నారు.
వాటికీ అదే ధర.

బావి ఒక్కటే కొత్త చెక్కు.
నల్లగా, నోరు తెరుచుకుని,
ఎడమ పక్క.